ఆస్తి అనే మాట

చట్టాలను జనం భాషలోకి మార్చే ఆఫీసులో ఆమెను అందరూ నిఘంటువమ్మ అనేవారు. ఏ మాట అడిగినా పుస్తకం తిప్పకుండానే చెప్పేది.

ఆమె చెల్లెలి భర్త తాను దాచిందంతా క్రిప్టో అనే డిజిటల్ డబ్బులో పెట్టాడు. అతను పోయాక ఆ సొమ్ము కోసం చెల్లెలు కాళ్లరిగేలా తిరిగింది. చట్టం దాన్ని ఆస్తిగా గుర్తించలేదు కాబట్టి భార్యకు ఇవ్వలేమని ఆ క్రిప్టో కంపెనీవాళ్లు చేతులెత్తేశారు.

అంతలో క్రిప్టో మీద కొత్త చట్టం ముసాయిదా నిఘంటువమ్మ బల్ల మీదికే వచ్చింది. క్రిప్టో అంటే ఏమిటో చెప్పేచోట మూలంలోని మాట ఎటైనా తిరిగేలా ఉంది. "ఆస్తి" అని రాస్తే వారసులకు హక్కు వస్తుంది. "అంకెల గుర్తు", అంటే ఉత్త డిజిటల్ టోకెన్, అని రాస్తే రాదు. కోర్టులు చూసేది ఆమె రాసిన ప్రతినే.

సంగతి తెలిసి చెల్లెలు వంటింట్లో ఆమె పక్కన చేరింది.

"ఒక్క మాటే కదక్కా. నిన్ను అబద్ధం రాయమనడం లేదు."

"అబద్ధం కాదులే. కానీ నీ కోసం రాసినట్టవుతుందే."

"రాస్తే తప్పేంటి? నాకింకెవరున్నారు?"

మర్నాడు అక్క తన పై అధికారికి విషయమంతా చెప్పి, ఆ కాగితాలను పక్క బల్ల దగ్గరి సహోద్యోగికి అప్పగించింది. చెల్లెలు ఆమెతో మాట్లాడటం మానేసింది.

సహోద్యోగి బాగా ఆలోచించి, ఎవరినీ అడక్కుండా "ఆస్తి" అనే రాశాడు. చట్టం వచ్చింది. చెల్లెలు అర్జీ పెట్టుకోవడానికి వెళ్తూ అక్కను రమ్మనలేదు. అయినా నిఘంటువమ్మ సెలవు పెట్టి వెళ్లి, అర్జీలు తీసుకునే ఆఫీసు వరండాలో చెల్లెలు కూర్చున్న బెంచీ చివరన కూర్చుంది. చెల్లెలు మొహం తిప్పుకుంది గానీ, లేచి వెళ్లిపోలేదు.