అధ్యక్షుడి ఉత్తరాలు విప్పే ఆంబ్రోజ్ తాత

వాషింగ్టన్‌లో అధ్యక్షుడికి వచ్చే టపా అంతా ముందు ఆంబ్రోజ్ తాత బల్ల మీదికే చేరుతుంది. కవరు చింపే ముందు వాసన చూడటం ఆయన అలవాటు. పందికొవ్వు వాసన వస్తే పల్లెటూరిదనీ, అత్తరు వాసన వస్తే ఉద్యోగం అడిగేదనీ తేల్చేస్తాడు. చాలాసార్లు తప్పుతుంది, తాత మాత్రం ఒప్పుకోడు. కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని గదంతా వెతుకుతాడు. బిడ్డకు మీ పేరే పెట్టామనే ఉత్తరాలనూ, అదృష్టం కోసం పంపిన కుందేలు కాళ్లనూ నవ్వుకుంటూ సర్దుతాడు. తిట్టు ఉత్తరాలు మాత్రం పొయ్యిలో వేయాలని కొత్తగా వచ్చిన కార్యదర్శి హుకుం.

ఒక ఉదయం, బొగ్గుగని కూలిపోయి మొగుణ్ణి పోగొట్టుకున్న ఒకామె ఉత్తరం వచ్చింది. "చేపలు పట్టడానికి తీరిక దొరికింది గానీ, మా గని చూడటానికి దొరకలేదా నీకు?" అని అధ్యక్షుణ్ణి అడిగింది.

"పొయ్యిలో పడెయ్ పెద్దాయనా," అన్నాడు కార్యదర్శి.

"ఆవిడ అధ్యక్షుడికని రాసింది బాబూ, పొయ్యికని రాయలేదు."

"ఏం, ఉద్యోగం మీద మోజు తీరిందా?"

తాత ఆ ఉత్తరాన్ని అధ్యక్షుడికి పంపే ఉత్తరాల పళ్లెంలో అన్నిటికంటే పైన పెట్టాడు. మళ్లీ ఈ గదిలోకి రానిస్తారో లేదోనని కోటు తొడిగి, టోపీ పెట్టి, మధ్యాహ్నపు రొట్టె జేబులో కుక్కుకుని, పళ్లెం పట్టుకుని నేరుగా వెళ్లి అధ్యక్షుడి తలుపు కొట్టాడు.