మారిబెల్ ఇంటర్వ్యూకి తోడు వెళ్లిన రోజు: తుబ్లీ నుంచి ముహర్రక్ దాకా

తప్పుల్లేకుండా ఇంగ్లీషు మాట్లాడే విద్యార్థిని వరసగా రెండు ఇంటర్వ్యూల్లో తప్పితే ఏ టీచరుకైనా తల తిరుగుతుంది. మారిబెల్‌ది పెరూ దేశం, ఇంటి భాష స్పానిష్. బహ్రెయిన్‌లో ఒక కుటుంబం దగ్గర పిల్లల్ని చూసుకుంటూ, వాళ్ల పుట్టినరోజులకి కేకులు చేస్తూ ఉండేది. అదే ఇంట్లో మా తమ్ముడు సంపత్ డ్రైవరు. "మా అక్క ఇంగ్లీష్ మంచిగ చెప్తది" అని మమ్మల్ని కలిపింది వాడే. నిజామాబాద్‌లో కూర్చుని ఆరు నెలల పాటు ఫోన్లోనే పాఠాలు చెప్పాను, వాక్యాల కాగితాలు వాట్సాప్‌లో పంపాను. ఇంతలో ఆ కుటుంబం దేశం విడిచి వెళ్లిపోతోందని తెలిసింది. నెలాఖరులోగా వీసా పూచీ పడే కొత్త కఫీల్ దొరక్కపోతే మారిబెల్ పెట్టె సర్దుకోవాల్సిందే. ముహర్రక్‌లో ఒక బేకరీ వాళ్లు కేకుల విభాగానికి మనిషి కావాలని పిలిచారు. "టీచర్, ఈసారి నా పక్కన ఉంటారా?" అని మెసేజ్ పెట్టింది. ఎలాగూ తమ్ముణ్ని చూడ్డానికి రావాలనుకుంటున్నాను కదా అని విజిట్ వీసా మీద బయల్దేరాను. మా వీధిలో మాత్రం నేను దుబాయి పోయాననే చెప్పుకుంటున్నారు, దిద్దే ఓపిక నాకు లేదు.

సంపత్ గది తుబ్లీలో, వర్క్‌షాపుల వరస వెనక. ఇంటర్వ్యూ సాయంత్రం నాలుగింటికి. అంతకుముందు మనామా బస్ స్టేషన్లో పదిన్నరకి కలుసుకుని సాధన చేద్దామనుకున్నాం. "ట్యాక్సీ అద్దక్కా, మూడు దినార్లు గుంజుతడు. బస్సుల పో, మూడొందల ఫిల్సులే, దినార్ల మూడో వంతు గూడ గాదు. ఎక్కేముందు డ్రైవర్ భాయ్‌ని అడుగు" అని చెప్పి వాడు డ్యూటీకి వెళ్లిపోయాడు. నేను అడగలేదు. ఇంటి దగ్గర అలవాటు ప్రకారం రోడ్డుకి ఎడమ పక్కన నిలబడి, వచ్చిన ఎర్ర బస్సు ఎక్కి, కిటికీ పక్కన దర్జాగా కూర్చున్నాను. ఇక్కడ బండ్లు కుడి పక్కన నడుస్తాయని, నేను మనామాకి వీపు చూపిస్తూ పోతున్నానని పావుగంట తర్వాత గానీ తెలియలేదు. మనామా ఎప్పుడొస్తుందని అడిగితే, పాకిస్తానీ డ్రైవరు అద్దంలోంచి నన్ను చూసి, "మనామా ఉల్టా సైడ్ హై, బెహెన్‌జీ" అన్నాడు. దిగి, రోడ్డు దాటి, మళ్లీ టికెట్ కొని మనామా చేరేసరికి పదకొండు దాటింది.

ఆరు నెలలు గొంతు మాత్రమే విన్న మనిషిని ఎదురుగా చూడటం చిత్రంగా ఉంటుంది. పొట్టిగా, బలంగా, జుట్టు బిగించి ముడివేసుకుని ఉంది. చంకలో నీలం రంగు ఫోల్డరు. "నా సర్టిఫికెట్లన్నీ ఈ కార్పెట్‌లో ఉన్నాయి టీచర్" అంది. వాళ్ల భాషలో ఫోల్డరుని కార్పెటా అంటారు. ఇద్దరం నవ్వుకుని బెంచీ మీద కూర్చున్నాం. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. మీకోసం తెలుగులో రాస్తూ, రెండు వాక్యాల్ని అతికించే మాటల్ని మాత్రం అలాగే ఉంచుతున్నాను, ఎందుకంటే మేం ఎక్కువగా కుస్తీ పట్టింది వాటితోనే. స్పానిష్‌లో అన్నిటికీ 'పెరో' అని నెట్టుకొచ్చే మనిషి చేత బట్, ఆల్దో, హవెవర్ వేర్వేరుగా పలికించడానికి రెండు నెలలు పట్టింది.

"నీ పని గురించి చెప్పు" అన్నాను మేనేజరులా గొంతు పెంచి.

"నేను కేకులు అందంగా చేస్తాను, బట్ క్రీము పూసేటప్పుడు చేతులు వణుకుతాయి."

"పిల్లలతో ఎలా ఉంటావు?"

"పిల్లలకి నేనంటే ఇష్టం, హవెవర్ నేను కొంచెం మొండిదాన్ని."

గంటసేపు అడిగాను. ఒక్క మాట కూడా తప్పుచోట పడలేదు. సంతోషించాలో భయపడాలో అర్థం కాలేదు. ఇంత బాగా మాట్లాడే మనిషిని రెండు చోట్ల ఎందుకు కాదన్నారు? విదేశీయురాలనా? ఇక్కడ పనిచేసేవాళ్లలో ఎక్కువమంది విదేశీయులే కదా! ఎంత ఆలోచించినా తల వేడెక్కడమే గానీ ఏమీ తేలలేదు. పోనీ ముందు అన్నం తిందామని లేచాం.

పాత సూక్ బజారులో బంగారం కొట్లు దాటి సందులోకి తిరిగితే, మేడ మెట్ల కింద మనవాళ్ల మెస్ ఒకటి ఉంది. ఒక దినారుకి పప్పు, బెండకాయ వేపుడు, చారు, పెరుగుతో భోజనం. పన్నెండున్నర లోపు వెళ్లండి, ఒంటిగంటకల్లా డ్యూటీ నుంచి వచ్చేవాళ్లతో నిండిపోతుంది. వండేది, వడ్డించేది సత్యవతి గారు, అమలాపురం దగ్గర మనిషి. మారిబెల్ చేత్తో పప్పన్నం కలుపుకోవడం చూసి ఆమె ముచ్చటపడిపోయారు.

"ఎంత బావుందండీ ఈ పిల్ల! మొహం కళకళలాడిపోతోంది. కానీ ఆ ముక్కేనండి, కూసింత వంకర" అని, అంతటితో ఆగకుండా లోపలికెళ్లి కాటుక డబ్బా తెచ్చి మారిబెల్ చెవి వెనక ఇంత చుక్క పెట్టారు. "నా దిష్టే తగిలేసేలా ఉందండీ బాబూ!"

మారిబెల్ బిత్తరపోయి నావైపు చూసింది. నేను వివరించాను. మా దగ్గర మంచిని మంచిగా వదిలేస్తే దానికి కీడు జరుగుతుందని భయం. అందుకే మెచ్చుకున్న నోటితోనే ఒక వంక పెడతారు, అందమైన బిడ్డకి ఒక నల్ల చుక్క పెడతారు. ప్రేమ ఎక్కువైతేనే అలా చేస్తారు అన్నాను.

ఆమె తినడం ఆపేసింది. ఎడమ చేత్తో ఫోల్డరు తెరిచి నేను పంపిన కాగితాలు బయటికి తీసింది. "టీచర్, మీ వాక్యాలన్నీ ఇలాగే ఉన్నాయి."

చూశాను. ఇల్లు పెద్దది, బట్ గాలి రాదు. ఆమె బాగా పాడుతుంది, హవెవర్ గొంతు సన్నం. నా కూతురు తెలివైనది, బట్ బద్ధకం. అరవై వాక్యాలు ఉన్నాయి. అరవైలోనూ ముందు మెచ్చుకున్నాను, వెంటనే వంక పెట్టాను.

"ఇంగ్లీషులో మంచి చెప్పాక చెడు కూడా చెప్పడం మర్యాదేమో అనుకున్నాను. మీరెప్పుడూ అలాగే చెప్తారు కదా. రెండు ఇంటర్వ్యూల్లోనూ అలాగే చెప్పాను."

"ఏమని?"

"నేను నమ్మకమైన మనిషిని, బట్ చెప్పిన పని అప్పుడప్పుడు మర్చిపోతాను, అని."

"నువ్వు మర్చిపోతావా?"

"లేదు టీచర్. అది మీ ఇరవై మూడో వాక్యం."

సిగ్గేసింది, ఏడుపొచ్చింది. పరాయి దేశంలో బతుకుదెరువు వెతుక్కుంటున్న మనిషి నోటితో ఆమె మీద ఆమే చాడీలు చెప్పుకునేలా చేశాను. అదీ తెలియకుండా, మార్కులు వేసి మరీ!

రెండింటికి మనామాలో ముహర్రక్ బస్సెక్కాం. వంతెన మీద రెండు పక్కలా సముద్రం ఉందని అందరూ రాస్తారు, నేను మాత్రం చూడలేదు. "మంచి మాట చెప్పి ఆగిపో" అన్నాను. "ఆగిపోతే పొగరనుకోరా?" అని అడిగింది. నిజంగానే నాకు తెలియదు. ఆగిపోయే వాక్యం ఒకటి నమూనాగా చెప్దామని నోరు తెరిచాను. "నేను బాగా పాఠాలు చెప్తాను" అన్నాక నాలుక దురద పెట్టినట్టయింది. ఏదో ఒకటి కలిపితే గానీ కుదురుగా ఉండలేకపోయాను. నలభై ఏళ్లు వచ్చిన నాకే చేతకానిది రెండు గంటల్లో ఆమెకి ఎలా వస్తుంది? పాతది చెరిపేసి కొత్తది నేర్పలేక ఉన్నదాన్ని కూడా పాడు చేస్తున్నానేమోనని భయమేసింది.

బేకరీ పాత ముహర్రక్ సందుల్లో ఉంది. బస్ స్టేషన్ నుంచి నడిస్తే పది నిమిషాలే, మేం దారి తప్పి అరగంట నడిచాం. నాలుగింటికి ఆమె లోపలికి వెళ్లింది. నేను ఎదురుగా టీ కొట్టు ముందు కూర్చుని వంద ఫిల్సుల కరక్ చాయ్ మూడుసార్లు తాగాను. ఐదు కావస్తుంటే బయటికొచ్చింది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు.

"కేకు మీద పూలు వేయమన్నారు. వేశాను. ఎలా వచ్చాయి అని మేనేజరు అడిగాడు. బాగా వచ్చాయి అన్నాను."

"తర్వాత?"

"ఏమీ అనలేదు. ఆయన నేనింకా ఏదో చెప్తానని చూశాడు. నేను పెదాలు బిగబట్టి గోడ మీద పలకలు లెక్కపెట్టాను. పద్నాలుగు దాకా వచ్చాక, 'నిజమే, బాగా వచ్చాయి. వీసా కాగితాలు రేపే మొదలుపెడదాం' అన్నాడు."

అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. టీ కొట్టు మలయాళీ భాయ్ ఇద్దరికీ టిష్యూలిచ్చి, ఏం జరిగిందో అర్థంకాక నాలుగో చాయ్ పోసి డబ్బులు వద్దన్నాడు.

ఇటు వచ్చేవాళ్లకి ఒక్క సలహా: బస్టాపులో నిలబడే ముందు బండ్లు ఎటు పోతున్నాయో చూసుకోండి, రోడ్డు ఏ పక్కన నిలబడాలో డ్రైవరునైనా అడగండి, ఒక గంట చేతిలో ఉంచుకోండి.

ఇన్నేళ్లుగా నేను నేర్పింది ఇంగ్లీషేనా, మా ఇంటి భయమా అనేది తిరుగు బస్సులో కూడా తేలలేదు. ప్రేమతోనే పెట్టిన చుక్క, అయినా పడిన చోట మచ్చే కదా. తుబ్లీలో దిగగానే నిజామాబాద్‌లో ఉన్న మా అమ్మాయి ఫోన్ చేసింది. కాలేజీ వ్యాసాల పోటీలో మొదటి బహుమతి వచ్చిందట.

"చాలా బాగా రాసి ఉంటావురా" అన్నాను.

"ఊఁ... ఇంకా?" అంది.

"ఇంకేం లేదు. చాలా బాగా రాస్తావు నువ్వు."

ఈసారి అది గొంతు తగ్గించి అడిగింది. "అమ్మా, అక్కడ నీ పానం మంచిగనే ఉందా?"