బాబాయి చుట్టిన జాయింటు

మా బాబాయి లోకంలో ఎవరినైనా నమ్ముతాడు గానీ, వాటర్‌ప్రూఫ్ అన్న మాటను మాత్రం నమ్మడు. ఏ వస్తువు మీద ఆ మాట కనిపించినా కళ్ళజోడు పైకి తోసి, "ఇది మనం చదువుతాం సరే, వాన చదువుతుందా?" అని షాపువాణ్ణి నిలదీస్తాడు. షాపువాడి దగ్గర గ్యారంటీ కార్డు ఉంటుంది. బాబాయి దగ్గర టేపు ఉంటుంది.

ఆయన పుస్తకాలకు అట్టలు కట్టే బైండరు. ఆ చేతులు ఇంటికొచ్చాక ఊరికే ఉండవు. టార్చిలైటుకు టేపు, పోస్టుడబ్బాకు టేపు, చివరికి వానకోటుకు కూడా టేపు. నా పెళ్ళికి తెచ్చిన బహుమతి దారిలో తడుస్తుందని ఎంత చుట్టాడంటే, మేం దాన్ని పూర్తిగా విప్పేసరికి మా పెద్దమ్మాయి బడికి వెళ్తోంది. లోపల ఉన్నవి మంచినీళ్ళ గ్లాసులు.

అలాంటి మనిషి గేటు దగ్గర కెమెరా పెట్టించాడు. దొంగల భయమన్నాడు. మేమంతా పడీ పడీ నవ్వాం. ఆ ఇంట్లో దూరిన దొంగ జాలిపడి ఏదైనా పెట్టి పోవాలే తప్ప పట్టుకుపోవడానికి ఏమీ లేదు.

బిగించడానికొచ్చిన మెకానిక్కు రెండు వైర్లు కలిపి, పైపైన టేపు వేసి, వాటర్‌ప్రూఫే సార్ అన్నాడు. అంతే, బాబాయి నిచ్చెనెక్కాడు. "పైనుంచి కిందికి చుట్టావు. ప్రతి చుట్టు సందులోనూ నీళ్ళు కూర్చుంటాయి. కిందినుంచి పైకి చుట్టాలి, పెంకుల్లా ఒకదానిమీద ఒకటి ఎక్కాలి" అన్నాడు.

జాయింటు విప్పి, గ్రీజు రాసి, సాగదీస్తే తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు చుట్టి, దానిమీద నల్లటేపు చుట్టి, అంతా ఒక డబ్బాలో పెట్టాడు. వైరు వెంబడి నీళ్ళు డబ్బాలోకి పాకుతాయని, వైరును ముందు కిందికి వంచి తర్వాత పైకెక్కించాడు. చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోవాలట. ఇంతా చేసి డబ్బా అడుగున చిన్న బెజ్జం వదిలాడు. ఎందుకంటే, ఎంత కాపలా కాసినా కాస్త చెమ్మ లోపలికొస్తుంది, దానికి బయటికి పోయే దారి ఉండాలన్నాడు. వాన పట్ల ఆయన చూపిన మర్యాద అదొక్కటే.

చివరికి కెమెరా కంటే జాయింటే పెద్దదైంది. మేడమీద ఉండే ఇంటి ఓనరుకు అది కంటగింపైంది. కొత్తగా రంగులేసిన గోడమీద ఆ నల్లటి గడ్డేమిటి, తీసెయ్యమన్నాడు. బాబాయి తియ్యలేదు. తియ్యకపోతే ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. బాబాయి నిచ్చెనెక్కి ఇంకో చుట్టు టేపు వేశాడు.

రాజీ కుదర్చడానికి నేను వెళ్ళాను. బోడి కెమెరా కోసం ఈ వయసులో సామాన్లెత్తుకుని ఎక్కడ తిరుగుతావని నచ్చజెప్పబోయాను.

"ఇల్లు మారతాను. కెమెరా తియ్యను" అన్నాడు.

దొంగలకు అంత జడిసే మనిషి ఓనరుకు పిసరంతైనా జడవకపోవడం నాకు విచిత్రంగా తోచింది.

ఇంతలో ఓనరే గొడుగేసుకుని జోరువానలో దిగి వచ్చాడు. ఆయన బెల్లు మీద చెయ్యి వెయ్యకముందే పిన్ని వంటింట్లోంచి వచ్చి తలుపు తీసింది. ఆయన లోపలికి వస్తూనే, దొంగలెత్తుకెళ్ళడానికి మీ ఇంట్లో ఏముందని ఇంత పంతమని బాబాయిని అడిగాడు. బాబాయి టేపు చుట్ట అందుకున్నాడు. ఓనరు పెదవుల వంకే చూస్తున్న పిన్ని నోరు విప్పింది.

"నాకు చెవులు పోయాయండీ. బెల్లు వినపడదు. మా అక్క వచ్చి తలుపు కొట్టి కొట్టి, కావాలనే తియ్యలేదనుకుని వెళ్ళిపోయింది. ఇప్పుడు పొయ్యి పక్కనే ఆ కెమెరా తెర పెట్టారు, గేటు దగ్గరికి ఎవరొచ్చినా కనపడతారు. చెవుడని నలుగురికీ చెప్పొద్దని నేనే ఒట్టు పెట్టించుకున్నాను. అందుకే ఈయన దొంగలంటున్నారు."

మేం పిరికివాడని నవ్వినన్నాళ్ళూ ఆయన కూడా మాతో కలిసి నవ్వాడు. పెదవులు చూసి టక్కున జవాబు చెప్పే పిన్ని నేర్పు వల్ల ఆమెకు చెవుడని మేమెవరమూ పోల్చుకోలేకపోయాం.

ఓనరు గొడుగు మడిచి మూలన పెట్టాడు. తర్వాత పిన్ని వైపు తిరిగి, ఆమెకు అర్థమయ్యేలా ఒక్కో మాటా విడదీసి, "ఉండనివ్వండమ్మా" అన్నాడు. పిన్ని సంతోషంగా ఆయనకు కుర్చీ జరిపింది.

బాబాయి మాత్రం తగ్గలేదు. పిన్నికి తన పెదవులు కనపడకుండా గోడవైపు తిరిగి, ఓనరుతో కచ్చితంగా చెప్పాడు:

"ఆవిడ మాటలకేం గానీ, కెమెరా దొంగల కోసమేనండీ. ఆవిడకు బ్రహ్మాండంగా వినపడుతుంది."