వెనక మనిషి ఉన్నట్టుందా

తెనాలిలో హోమ్ థియేటర్‌కి, శబ్దం చుట్టూరా నుంచి వచ్చేలా సరౌండ్ మోడ్ పెట్టడంలో నన్ను మించినవాడు లేడని చెప్పుకుంటాను. నిజానికి నాకు రిమోట్‌లో ఆన్, ఆఫ్ తప్ప ఇంకేమీ తెలియదు. మా ఇంట్లో దాన్ని సరిచేసేది, మేం కొన్న షాపు తరఫున రేపల్లె నుంచి వచ్చే మెకానిక్. సినిమా మోడ్ పెట్టినా, పాటల మోడ్ పెట్టినా అతను కళ్లు మూసుకుని, "వెనక మనిషి ఉన్నట్టుందా, బాబాయ్ గారూ?" అని అడిగేవాడు. నా చెవికి అంత విలువ ఇస్తున్నాడని మురిసిపోయేవాణ్ణి.

చివరిసారి సోఫా వెనక ఎడమ స్పీకరు హోరెత్తుతుంటే, ఇంకా పెంచుతూ అదే మాట అడిగాడు. మా ఆవిడ చెవులు మూసుకుంది. కళ్లు తెరిచి ఆమెను చూసి, అతను రిమోట్ కింద పెట్టేశాడు.

"నాకు ఎడమ చెవి పోయిందండి. షాపులో చెప్పకండి, పనిలోంచి తీసేస్తారు."

చెప్పనన్నాను. పై నెల ఇంకో మెకానిక్ వచ్చాడు. ఆ సంగతి ఎవరు మోశారో తెలియదని ఇప్పటికీ అంటుంటాను.

"ఎవరో ఏంటండి," అంటుంది మా ఆవిడ. "షాపులో అందర్నీ నవ్వించడానికి అతనిలా కళ్లు మూసుకుని, చెవుడు నటించి చూపించింది మీరే. పక్కనే ఉన్నాను నేను."