మా హాస్టల్ కింద చెరువు

ఆ రోజుల్లో అశోక్‌నగర్ హాస్టళ్ళలో మనిషిని పేరుతో కాదు, రాసే పరీక్షతో గుర్తుపట్టేవాళ్ళు. గ్రూప్స్ తప్పి తప్పి, విసుగొచ్చి, నారాయణగూడలో మ్యాపులు గీసే చిన్న ఆఫీసులో చేరిన నన్ను మాత్రం ‘సీఐడీ అన్న’ అనేవాళ్ళు. కారణం లేకపోలేదు. అమెరికా వాళ్ళు ఒకప్పుడు శత్రువుల గుట్టు లాగడానికి అంతరిక్షం నుంచి ఫొటోలు తీసి, ఆ ఫిల్ము చుట్టను పారాచూట్‌కి కట్టి వదిలితే, విమానం గాల్లోనే అందుకునేదట (మా హాస్టల్లో మేడ మీంచి విసిరిన తువ్వాలునే ఎవరూ అందుకోలేరు!). చాలా ఏళ్ళ తర్వాత ఆ రహస్యపు ఫొటోలు అందరికీ ఇచ్చేశారు. వాటిని ఇప్పటి ఫొటోల పక్కన పెట్టి, మాయమైన చెరువులూ కుంటలూ గుర్తించడం మా పని. ఆ నలుపు తెలుపు బొమ్మలో ట్యాంక్ బండ్ మొదటిసారి కనబడినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు పులకరించింది.

అప్పటికి నా ఉద్యోగం పక్కా కాలేదు. చిక్కడపల్లి, అశోక్‌నగర్ ముక్క సరిగ్గా గీస్తే మా ఆఫీసు సార్ ఉంచుకుంటారు, లేకపోతే మళ్ళీ గ్రూప్స్ పుస్తకాలే. పాత ఫొటోలో సరిగ్గా మా హాస్టల్ ఉన్నచోటే పెద్ద నల్లటి మచ్చ కనబడింది. చెరువు! అందులో సన్నటి గీతలుంటే, పాపం మునిగిన ఇళ్ళనుకున్నాను. నీళ్ళున్నాక కట్ట ఉండాలి కదా అని కట్ట గీశాను. కట్ట ఉన్నాక తూము లేకుండా ఎలా అని తూమూ పెట్టాను. కడుపులో దాచుకోలేక హాస్టల్లోనూ చెప్పేశాను. ఖర్మ కాలి ఆ సాయంత్రమే వాన పడి సెల్లార్ నిండింది (మోరీ జామైందని తర్వాత తెలిసింది). ఇక నా మాటకు తిరుగులేదు. కుర్రాళ్ళు సామాన్లు సర్దుతుంటే హాస్టల్ ఆంటీ నన్ను పట్టుకుంది.

“ఏంది బిడ్డా, చెరువు చెరువు అని అందర్ని పరేషాన్ చేస్తున్నవ్? నా రూములు ఎవరు తీసుకుంటరు?”

మర్నాడు ఆఫీసులో మా సీనియర్ అక్క నా మ్యాపు చూసింది. ఇంకో రోజు తీసిన ఫొటో పక్కన పెట్టి చూడనిదే దేన్నీ నమ్మని మనిషి. పెట్టింది. చెరువు లేదు.

“ఎండిపోయిందేమో అక్కా,” అన్నాను.

“ఎండితే కట్ట గూడ ఎండిపోతదా తమ్ముడూ? జర పక్కన ఆ తెల్లది చూడు. రెండిటి ఆకారం ఒక్క తీరుగ లేదా?”

తెల్లది మబ్బు. నల్లది దాని నీడ. మునిగిన ఇళ్ళని నేననుకున్న గీతలు నీడలో కనబడుతున్న వీధులు. అక్క కడుపు పట్టుకుని నవ్వి, వెంటనే మొహం సీరియస్‌గా పెట్టింది. “నీడకు తూము పెట్టినవ్ గద, ఇగ మన పాత మ్యాపులన్నిట్ల ఇసొంటి నీడలు వెతుకు. ఒక్కటి విడిచిపెట్టినా సార్ కన్న ముందు నేనే ఇంటికి పంపిస్త.”

కళ్ళు కాయలు కాసేలా వెతికాను. ఒకటి దొరికింది. సార్ ఎప్పుడో ఖాయం చేసిన మ్యాపులో, నీడకి నీలం రంగు వేసి పెట్టిన కుంట. గీసింది అక్కే! చెప్పాలా వద్దా అని రెండుసార్లు ఆమె బల్ల దాకా వెళ్ళి తిరిగొచ్చాను. చెప్పాను. అక్క ఇంకో రోజు ఫొటో పక్కన పెట్టి చూసి, మ్యాపు పట్టుకుని నేరుగా సార్ గదిలోకి నడిచింది. “సార్, ఈ పిల్లగాన్ని ఉంచుకోండ్రి. నా తప్పు పట్టిండు.” అలా తన తప్పు చూపించి ఎదుటివాడికి ఉద్యోగం ఇప్పించే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇప్పుడు ఆ అక్క కుర్చీలో నేను కూచుంటున్నాను. హాస్టల్ మిత్రులు ఫోన్ చేస్తే ఇప్పటికీ ముందు అడిగేది, “అన్నా, మన చెరువు నిండిందా?” అనే. అరవై ఏళ్ళ కిందట అశోక్‌నగర్ మీదుగా పోయిన ఆ మబ్బు ఎక్కడ కురిసిందో, అసలు కురిసిందో లేదో. దానికి కట్ట కట్టి, తూము పెట్టి, నీళ్ళు ఆపాలని చూసినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.