పెనుకొండ బంగళాలో వంద ఆటలు

నేను రిటైరు కావడానికి మూడేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, హిందూపురం ఆఫీసు సీనియర్ అసిస్టెంటు అశ్వత్థప్ప మీద ప్రాథమిక విచారణ జరపమని నాకు ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను ధర్మవరంలో సహాయ సంచాలకురాలిని. మా శాఖ పేరు రాయను. పట్టు రైతుల సబ్సిడీ ఫైళ్లు మా టేబుళ్ల మీదుగా పోయేవని చెబితే చాలు. ప్రాథమిక విచారణ అంటే ఆరోపణలో పస ఉందా లేదా చూడటం. ఉంటే అభియోగపత్రం ఇస్తారు, లేకుంటే ఫైలు మూసేస్తారు. అశ్వత్థప్ప ఆ నెలాఖరుకే రిటైరు కావాలి. ఆలోగా ఫైలు మూయకపోతే గ్రాట్యుటీ ఆగిపోతుంది. ఆ డబ్బును నమ్ముకుని ఆయన అప్పటికే ఇంటి గోడలు లేపేశాడు, ఇక స్లాబు వేయాలి.

ఆరోపణ ఒక ఆకాశరామన్న ఉత్తరం. మూడు నెలలకోసారి గోవా పోతాడు, పెద్ద హోటల్లో దిగుతాడు, గదికీ తిండికీ పైసా కట్టడు, ఎవరు కడుతున్నారో కనుక్కోండి అని ఉంది. నేను అసలే అనుమానపు మనిషిని. కూరగాయలామె అడక్కుండా కొసరు వేస్తే తక్కెడ వైపు చూసే రకం. సబ్సిడీ ఫైళ్లు, ఉచితంగా హోటలు గది! ఇంకేం కావాలి, దొంగ దొరికాడనుకున్నాను.

హిందూపురంలో అందరూ ఆయన మనుషులు, ధర్మవరంలో నా మనుషులు. అందుకని మధ్యలో ఉన్న పెనుకొండలో ప్రభుత్వ బంగళాలో కూర్చున్నాం. ఇద్దరు గుమాస్తాలు సాక్షులు. వాంగ్మూలంలో ప్రతి పేజీకీ వాళ్ల సంతకాలు.

గదికి ఎవరు కట్టారని అడిగాను.

"ఎవురూ కట్టల్యా మేడం. క్యాసినో వాళ్లే ఇస్తారు."

"ఊరికే గది ఇచ్చే మారాజులు యాడున్నారు అశ్వత్థప్పా?"

ఆయన జేబులోంచి ప్లాస్టిక్ కార్డు తీశాడు. వీడియో పోకర్ అనే మిషన్లో అది పెట్టి ఆడాలట. మిషను తెరమీద ఐదు ముక్కలు వేస్తుంది. మనకు కావలసినవి ఉంచుకుని మిగిలినవి మారిస్తే కొత్తవి వస్తాయి. గెలిచినా ఓడినా, ఒడ్డిన ప్రతి పందేనికీ కార్డులో పాయింట్లు పడతాయి. పాయింట్లు పెరిగితే గది, భోజనం ఇస్తారు. దాన్ని వాళ్లు 'కాంప్' అంటారట. నాకు ఒక్క ముక్క మీద కూడా నమ్మకం కలగలేదు. ఆ సంస్థకే ఉత్తరం రాశాను, ఈయన ఎంత ఆడాడో చెప్పమని.

వారంలో జవాబు వచ్చింది. రెండేళ్లలో పద్దెనిమిది లక్షల చిల్లర ఆడాడట! ఆయన రెండేళ్ల జీతమంతా కలిపినా అంత రాదు. అభియోగపత్రం ముసాయిదా ఆ సాయంత్రమే రాసేశాను. అయినా పద్ధతి ప్రకారం ఇంకోసారి పెనుకొండకు పిలిచి, ఆ అంకె ముందు పెట్టాను. అశ్వత్థప్ప ఆ కాగితాన్ని దగ్గరకు లాక్కుని చదివాడు.

"అది నేను పెట్టిన దుడ్లు కాదు మేడం. తిరిగిన దుడ్లు. ఉన్నవే మళ్లా మళ్లా ఒడ్డుతాం గదా."

"మాటలు చెప్పొద్దు."

"ఆడి చూపిస్తా. పేక తెప్పించండి."

గుమాస్తాలు అప్పటికే సంతకాలు చేసి బస్సుకు వెళ్లిపోయారు. ఇది విచారణలో భాగం కాదు, నా సందేహం తీర్చుకోవడానికే కదా అనుకున్నాను. బంగళా వాచ్‌మన్ ఖాదర్ బాషా పేక తెచ్చాడు, వంటింట్లోంచి గుప్పెడు కందిబేడలు కూడా. వంద లెక్కపెట్టి అశ్వత్థప్ప ముందు పోశాను. ముక్కలు వేసేది నేను, అంటే మిషను నేనే. ఆటకు ఐదు బేడలు పందెం. జాకీల జత గానీ అంతకన్నా పెద్ద జత గానీ పడితే పందెం తిరిగి ఇవ్వాలి, రెండు జతలకు రెట్టింపు, ఒకే రకం మూడు పడితే మూడింతలు. ఏ ముక్క ఉంచాలో, ఏది పారేయాలో ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. ఫైళ్ల మీద ఈ చురుకు ఎన్నడూ చూపలేదు మహానుభావుడు!

గంటన్నరలో వంద ఆటలు అయ్యాయి. నా కాగితం మీద ఆడిన మొత్తం ఐదు వందల బేడలు. ఆయన ముందు ఇంకా ఎనభై ఐదు మిగిలాయి. పోయినవి పదిహేను. అప్పుడు అర్థమైంది. క్యాసినో వాళ్లు చెప్పింది ఆ ఐదు వందల లాంటి అంకె, నేను అడగాల్సింది పదిహేను లాంటి అంకె. రెండేళ్లలో నిజంగా పోగొట్టుకున్నది ముప్పై ఐదు వేల దాకా ఉంటుందని ఆయనే ఒప్పుకున్నాడు. గది ఖరీదు ఆయన జేబులోంచే పోయింది. ఆ మాటకొస్తే ఆయన చేసింది తెలివితక్కువ పనే, కానీ లంచం కాదు.

మర్నాడే నివేదిక పంపాను. 'స్వయంగా పరిశీలించి సంతృప్తి చెందాను, ఆరోపణలో పస లేదు' అని రాశాను. ఎలా పరిశీలించానో రాయలేదు, సిగ్గేసింది. ఎంత పోగొట్టుకున్నాడో చెప్పమని క్యాసినోకు రెండో ఉత్తరం కూడా రాయలేదు. నాకు అర్థమైంది కదా, ఇంకెందుకు?

పది రోజులకు ఇంకో ఆకాశరామన్న లేచాడు. విచారణకు వచ్చిన మేడం తలుపులు వేసుకుని ముద్దాయితో పేకాడింది అని. పైఅధికారి ఖాదర్ బాషాను పిలిపించి అడిగాడు. ఖాదర్ అబద్ధం ఆడే మనిషి కాదు.

"తలుపులు తీసే ఉన్నాయి సార్. ఆడింది నిజమే. కందిబేడలు పెట్టి ఆడినారు. మేడమే ముక్కలు పంచింది."

నా నివేదిక కొట్టేశారు. నాకు మెమో ఇచ్చారు. అశ్వత్థప్ప మీద కొత్త అధికారిని వేశారు, ఆయన మొదటినుంచీ మొదలుపెట్టాడు. నెలాఖరు దాటిపోయింది. నేను రాయని ఆ రెండో ఉత్తరం ఆయన రాసి, జవాబు తెప్పించి, ఫైలు మూసేసరికి రెండేళ్లు పట్టింది. ఆ రెండు వానాకాలాలూ స్లాబు లేని గోడలు తడుస్తూనే ఉన్నాయి.

తర్వాత ఒకసారి హిందూపురం స్టేషన్లో అశ్వత్థప్ప కనబడ్డాడు. క్షమించమన్నాను. ఆయన కోప్పడలేదు.

"మీరు అనుమానించినన్నాళ్లూ నాకేమీ కాల్యా మేడం. పేజీకి ఇద్దరు సాక్షులు ఉన్న్యారు. మీరు నమ్మినాకనే మునిగిపోతి."

నిజం. అనుమానించేటప్పుడు ప్రతిదీ కాగితం మీద పెట్టాను, నమ్మేటప్పుడు నా మనసులోనే పెట్టుకున్నాను. మనిషిని తప్పుపట్టడానికి ఎన్ని సంతకాలు తీసుకుంటామో, నిర్దోషి అనడానికీ అన్నే తీసుకోవాలి.