లస్మవ్వ కుండలో చింతగింజలు

మా చొప్పదండి మంత్రసాని లస్మవ్వ తన రెండు చేతులతో పదివేల మందిని భూమ్మీదికి దించింది. ఊరి జనాభా మూడు వేలే కదా అని అడ్డు తగలకండి. మిగిలినవాళ్లు బతకడానికి వేరే ఊళ్లు పోయారు. కాన్పు చేసిన ప్రతిసారీ ఓ చింతగింజ కుండలో వేసేది. వాటన్నిటిలో పెద్ద గింజ నాది.

ఆమెకు ఒకటే జబ్బు. ఎవరి గుణమైనా సరే, పుట్టిననాడే చూశానంటుంది. నాలుగో తరగతిలో నేను బడి మానేస్తే మా బాపు కర్ర పట్టుకుని వెంటపడ్డాడు. ఆమె అడ్డం వచ్చింది.

"ఎందుకు కొడుతవ్ గంగయ్యా? వీడు కాళ్లు ముందట వెట్టి పుట్టిండు. ఉరుకుడు తప్ప ఇంకేం తెల్వది. నేను పుట్టిన్నాడే చూసిన."

బాపు కర్ర పడేశాడు.

రాయమల్లు పటేల్ బద్ధకమా? "పుట్టంగనే ఆవులించిండు." పోశవ్వ నోరా? "బొడ్డు కొయ్యకముందే నన్ను తిట్టింది." ఎవరు కాదంటారు? పుట్టినవాడికి గుర్తుండదు, కాన్పు గదిలోకి మగవాడు పోడు.

హైదరాబాద్ స్టేట్ పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన రెండో ఏడు, ఐలవ్వ పెద్ద కొడుకు మొండయ్య పెళ్లి వద్దన్నాడు. "నా మనసు ఆడోళ్ల మీద లేదు. అంజన్న మీదున్నది," అని నిలబడి చెప్పాడు. మొండయ్య, అంజన్న ఇద్దరూ ఆరేళ్లుగా ఒకే బావి మీద మోట కొడుతున్నారు, ఒకే గిన్నెలో తింటున్నారు.

పంచాయితీ పెట్టారు.

"సావాసం చెడగొట్టింది. అంజన్నను ఊరు దాటిస్తే వీడే దారికొస్తడు," అన్నాడు పటేల్. బడిపంతులు అన్నీ చదివినవాడిలా తలూపాడు. అంజన్న అప్పటికే గొంగడి మడతపెట్టి చంకన పెట్టుకున్నాడు. మొండయ్య ఆ గొంగడినే చూస్తున్నాడు.

అప్పుడొచ్చింది లస్మవ్వ, కుండతో సహా.

"సావాసం లేదు, గీవాసం లేదు. గిది వీని పుట్టుక. పుట్టిన్నాడే చూసిన. ఆడోళ్లు ఎత్తుకుంటే ఏడ్సిండు, తాత ఎత్తుకుంటే నవ్విండు."

"చంటిపోరనికి ఏమెరుక లస్మవ్వా?"

"నువ్వు ఆవులించినవని చెప్తిని. అబద్ధమైందా?"

పటేల్ సరిగ్గా అప్పుడే ఆవులించాడు. జనం గొల్లుమన్నారు.

"అంజన్నను ఎల్లగొడితే వీని పుట్టుక మారుతదా? బలిమిల పెండ్లి చేస్తే గా ఆడిపిల్ల బతుకు ఆగమైతది. ఆళ్ల మోట ఆళ్లను కొట్టుకోనియ్యుండ్రి."

పటేల్ కండువా దులుపుకుని లేచాడు. అంజన్న గొంగడి విప్పి భుజాన వేసుకున్నాడు. ఆడవాళ్లంతా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. ఎందుకో నాకు అంతుపట్టలేదు.

నెల తర్వాత ఐలవ్వే చెప్పింది. "తొల్సూరు కాన్పుకు ఎవలన్న అత్తగారింట్ల ఉంటరా బిడ్డా? మొండడు మా అవ్వగారింట్ల పుట్టిండు. ఆసిఫాబాద్‌ల."

పంచాయితీలో కూర్చున్న నలభై మంది మీసాలవాళ్లలో ఒక్కడికీ ఆ మాట తట్టలేదు! మొండయ్య పుట్టిననాడు లస్మవ్వ ఆ దిక్కుకే పోలేదు.

ఉరికి పోయాను. "లస్మవ్వా! పదివేల కాన్పులు చేసినదానివి, పంచాయితీల గంత అబద్ధమాడితివా?"

ఆమె చింతగింజలు చాటలో ఎండబెడుతోంది. తల కూడా ఎత్తలేదు.

"పదివేలు గాదు, మూడువందల పన్నెండు. మొండడు దాంట్ల లేడు. నువ్వు సుత అందరి లెక్క తలకాయ ముందట వెట్టే పుట్టినవ్."